మామగారి ఉమ్ము తూకం

నవనీతకృష్ణన్ గారికి ఒక్కటే పిచ్చి: ఇతరుల ఉమ్మును తూకం వేయడం. నమ్మండి, నమ్మకపొండి, కోయంబత్తూరు పీళమేడులో ఆయన కోడలు గోపిక ఇంటి ముందు గదిలో నడిపే పళ్ళ క్లినిక్‌లో ఈ ఘనకార్యం రోజూ జరుగుతుంది. ముప్పయ్యేళ్ళు స్పిన్నింగ్ మిల్లు ల్యాబులో పత్తి శాంపిళ్ళు తూచిన మనిషి. మిల్లు ఆయన్ని వదిలింది గానీ, ఆయన త్రాసును వదల్లేదు.

పిల్లల పళ్ళు పుచ్చకుండా గోపిక ఫ్లోరైడ్ జెల్ పెడుతుంది. ట్రేలో జెల్ నింపి, నాలుగు నిమిషాలు పళ్ళకు పట్టించి, తీశాక బాగా ఉమ్మేయమంటుంది. వేరే ఏ క్లినిక్‌లోనైనా కథ అక్కడితో ఆగుతుంది. ఇక్కడ మాత్రం మామగారు కాగితం కప్పుతో ప్రత్యక్షం.

"ఉమ్ము కణ్ణు, ఉమ్ము నా బంగారూ. ఇంకా రావాల. ఇంకా!"

ఆ బిడ్డ గొంతు ఎండిపోయేదాకా ఉమ్మించి, కప్పును త్రాసు మీద పెట్టి, కళ్ళద్దాలు సవరించుకుని, వజ్రాల వర్తకుడిలా గ్రాములు నోట్‌బుక్కులో రాసుకుంటాడు. ఛీ! చదువుకున్న కోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"ఎంగిలి గూడా కలుస్తాది కదా మామా! ఈ తూకానికి అర్థమే లేదు," అంది ఒకరోజు, వీలైనంత వెటకారంగా.

"అందుకే అమ్మిణీ, ఎంగిలి కలిసి గూడా మనం పెట్టిన జెల్ కంటే తక్కువ వచ్చినాదంటే, ఆ బిడ్డ మింగేసినట్టే."

ఆ లెక్క సరిగ్గానే ఉన్నందుకు గోపికకు ఒళ్ళు మరింత మండింది.

"పెళ్ళినాడు నన్ను త్రాసులో కూర్చోబెట్టలేదు, అదే నా పుణ్యం," అని అత్తగారు జానకమ్మాళ్ లోపలినుంచి దెప్పింది.

ఈ వేడుక ఇంటివరకైతే సరే. ఏడాదికోసారి మిల్లు కూలీల పిల్లలు చదివే బడిలో గోపిక ఉచితంగా జెల్ పెడుతుంది. నిరుడు మామగారు అక్కడికీ త్రాసు మోసుకొచ్చి, "ఇది స్కూలా, పత్తి మండీనా?" అని హెడ్మాస్టర్ యేసుదాస్ చేత అనిపించుకున్నాడు. అది చాలదన్నట్టు ఇద్దరు పిల్లలు జెల్ మింగి వాంతి చేసుకున్నారు. తల్లులు బడి మీదకొచ్చి రచ్చ చేశారు.

యేసుదాస్ ఈసారి ముందే తేల్చేశాడు. "ఒక్క బిడ్డ కక్కినా సరే డాక్టరమ్మా, మళ్ళీ మా స్కూలుకు రావద్దండి."

రెండు వందలమంది పిల్లలు. గోపిక వెళ్ళకపోతే వాళ్ళ పళ్ళు చూసే దిక్కు లేదు. అందుకే ముందురోజే మామగారికి గట్టిగా చెప్పేసింది.

"మీరు రావద్దు మామా. త్రాసైతే అసలే వద్దు. ఇంకోసారి నవ్వులపాలు కావడం నా వల్ల కాదు."

"సరి," అన్నాడాయన. ముసలాయన అంత తేలిగ్గా ఒప్పుకుంటే అనుమానించాలా వద్దా? ఈ మహా తెలివిగల కోడలు అనుమానించలేదు.

పొద్దున్నే బడికి వెళ్ళేసరికి అయ్యగారు అప్పటికే వంటగది వెనక కొలువు తీరి ఉన్నాడు. చుట్టూ పదిమంది పిల్లలు, ఒళ్ళో నోట్‌బుక్కు, పక్కన అత్తగారి ఇడ్లీ గిన్నె.

"పళ్ళు గట్టిగా ఉండాయా లేదా చూడాల. నమిలి చూపించు. సరి, ఇంకోటి!" అని గద్దిస్తున్నాడు. యువరాణి అనే రెండో క్లాసు పిల్ల నాలుగో ఇడ్లీతో పరీక్ష ఇస్తోంది.

"మామా! ఏమిది?"

"అరవబాక. నిరుడు తూకం తగ్గినోళ్ళ పేర్లు ఇవి. ఒక్కొక్కరి ఇల్లూ విచారిస్తిని. తల్లులు తెల్లారి షిఫ్టుకు పోతారు, వీళ్ళు ఏమీ తినకుండా వచ్చేస్తారు. జెల్ తియ్యగుండాది, ఆకలికి మింగేస్తారు. ఖాళీ కడుపులో అది ఊరుకుంటాదా? నువ్వు డాక్టరువి, నీకు తెలీదా?"

తెలుసు. కాలేజీలో చదివింది, పరీక్షలో రాసింది కూడా. టిఫిన్ తిన్నారా అని మాత్రం ఈ పిల్లల్ని ఒక్కసారీ అడగలేదు. గోపికకు నిజంగా సిగ్గేసింది.

"మరి ఈ పళ్ళ పరీక్ష నాటకం ఏమిటికి మామా?"

"ఆకలిగా ఉండాదా అంటే ఒక్కరూ ఔననరు. రోషం ఎక్కువ వీళ్ళకు," అన్నాడు గొంతు తగ్గించి.

ఆ రోజు ఒక్క బిడ్డా కక్కలేదు. యేసుదాస్ సంతోషపడి, వచ్చే ఏటికి కావలసిన సామాను రాసిమ్మన్నాడు. గోపిక కాగితం మీద మొట్టమొదట 'ఇడ్లీలు' అని రాసి, ఆ తర్వాతే జెల్, ట్రేలు రాసింది.

మామగారు ఆమె భుజం మీదుగా తొంగిచూసి ముఖం చిట్లించాడు.

"చట్నీ ఎవరు రాస్తారు, మీ తాతనా?"