ఎడమచేతి తుపాకీ

జపాను సైన్యంలో ఎడమచేతి వాటం తుపాకీ అనేది లేదు. ఉందని ఒక వెబ్‌సైటు వాళ్ళు రాశారు. తప్పు బాబూ అని చెబితే నాలుగు నెలలు దిద్దలేదు సరిగదా, మీరు ఆ తుపాకీ ఎప్పుడైనా పట్టుకున్నారా అని నన్నే ఎదురడిగారు.

సంగతి ఇది. మా మనవరాలు ఫోన్లో ఒక జపాను యుద్ధం సినిమా పెట్టి నా చేతికిచ్చింది. బొమ్మలు గీసి కదిలించేది కాదు, మనుషులు నటించిందే. మాటలు తెలుగులో కలిపారు కాబట్టి జపాను సిపాయి కూడా చచ్చేముందు "ఓరి నాయనో" అనే పోయాడు. సినిమా అయ్యాక, అందులో వాడిన తుపాకులు, టాంకులు, కత్తుల వివరాలు రాసిన పేజీ ఒకటి తీసి చూపించింది. ఇలాంటి పనికి కూడా మనుషులున్నారా అని మొదట ముచ్చటేసింది. తూటాల మేగజైను పైనుంచి గుచ్చే మెషిన్ గన్ను ఏ రకమో రాశారు. టాంకు అసలు టాంకే కాదు, బుల్‌డోజరుకి రేకులు బిగించి రంగేశారని పసిగట్టారు. అంత తెలివైనవాళ్ళు, వాగు ఒడ్డున సిపాయి కాపలా కాసే సీను దగ్గరికొచ్చేసరికి బోల్తాపడ్డారు. అక్కడ తుపాకీకి బోల్టు పిడి ఎడమవైపుంది. బోల్టు పిడి అంటే తూటాని లోపలికి నెట్టడానికి తలుపు గడియలా లాగి తోసేది. అది కుడివైపే ఉంటుంది. వీళ్ళేమో, "తొంభై తొమ్మిది రకం రైఫిలు, ఎడమచేతి వాటం వారి కోసం ప్రత్యేకంగా చేసినది, చాలా అరుదు" అని రాసిపారేశారు.

నేను బళ్ళో చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా పొట్లం కాగితాల దగ్గర్నుంచి పంచాయితీ లైబ్రరీ దాకా నా అంతట నేను చదువుకున్నదే. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు పాఠం చెప్పినవాడున్నాడు.

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో, మాది ద్రాక్షారామానికి కాస్త దూరంలో కాలవ గట్టు మీది ఊరు. మా తాతయ్య పట్టాళంలో చేరి బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చినవాడు. దానికి ఊళ్ళో సాక్ష్యం మా హాల్లో గోడకున్న ఒక్క ఫొటో. ఖాకీ బట్టల్లో, జపాను వాళ్ళ దగ్గర పట్టుకున్న తుపాకీ చేతిలో పెట్టుకుని, కళ్ళు చిట్లించి నిలబడి ఉంటాడు. క్యాంపులో ఎవరో దొర తీసి ఫిలిం ముక్క చేతికిస్తే, ఊరికొచ్చాక రాజమండ్రి తీసుకెళ్ళి ఒక స్టూడియోలో పెద్దది చేయించి పటం కట్టించాడు. నా స్నేహితులందరినీ విడతలవారీగా తీసుకొచ్చి ఆ పటం చూపించడం నా ఉద్యోగం.

ఆ ఏడు ఆగస్టు పదిహేనుకి మా బళ్ళో జెండా ఎగరెయ్యడానికి తాతయ్యని పిలిచారు. ఆ కబురు నేను ఊరంతా మోశాను. సరిగ్గా అప్పుడే ఎదురింటి హెడ్డుగారు మా ఇంటికొచ్చారు. హెడ్‌కానిస్టేబులుగా చేసి రిటైరైన మనిషి. తుపాకీ గురించి ఊళ్ళో ఎవరైనా మాట్లాడాలంటే ఆయన్ని అడిగే మాట్లాడాలి. పటం దగ్గరికెళ్ళి, కళ్ళజోడు ఎత్తి చూసి, దించి చూసి, ఇంటిల్లిపాదీ వింటుండగా అన్నారు.

"ఏంటండీ ఇది? బోల్టు ఎడమపక్క ఉంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి తుపాకీ నేను చూళ్ళేదు. ఇది నాటకాలవాళ్ళ కర్ర తుపాకీయండి. స్టూడియోలో అద్దెకిస్తారు."

సాయంత్రానికి ఆ మాట కాలవ అవతలికి చేరింది. తాతయ్య యుద్ధానికే వెళ్ళలేదనీ, మద్రాసులో ఎక్కడో హోటల్లో పనిచేసి తిరిగొచ్చాడనీ కథ తయారైంది. మర్నాడు బళ్ళో హెడ్‌మాస్టరు గారు నన్ను పిలిచి, జెండా సంగతి ఇంకా ఖాయం కాలేదని మీ తాతగారికి చెప్పు నాయనా అన్నారు. నా స్నేహితులు చేతులు రెండూ తారుమారు చేసి తుపాకీ పేల్చినట్టు నటించి నవ్వారు. ఒకణ్ణి కొట్టాను. ఇద్దరు కలిసి నన్ను కొట్టారు. పెదవి పగలగొట్టించుకుని ఇంటికొచ్చి, నువ్వు యుద్ధానికి వెళ్ళావా లేదా చెప్పమని తాతయ్య మీద విరుచుకుపడ్డాను.

తాతయ్యకి కోపం రాలేదు. అదే నాకు ఇంకా మంటెక్కించింది. వెళ్ళాను రా అని ఒక్క మాట చెప్పి, పటం దింపి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకీ అర్థం కాలేదు. పదేళ్ళుగా గోడనున్న తన ఫొటోలో తుపాకీ ఎందుకలా ఉందో ఆయన ఎన్నడూ చూసుకోలేదట. మూడు రోజులు తినడానికీ పడుకోవడానికీ తప్ప ఆ పటం ముందునుంచి లేవలేదు. మూడో రోజు మధ్యాహ్నం తన చొక్కా గుండీలు తడుముకున్నాడు, ఫొటోలో చొక్కా చూశాడు, మళ్ళీ తడుముకున్నాడు. మగవాళ్ళ చొక్కాకి ఎడమ అంచు పైకొస్తుంది. ఫొటోలో కుడి అంచు పైకొచ్చింది. ఎడమ కనుబొమ్మ మీది గాటు కుడి కనుబొమ్మ మీదికెళ్ళింది. నన్ను పిలిచి చూపించాడు. వంటింట్లోంచి మామ్మ వచ్చి తనూ చూసింది.

"మొహం ఎక్కడో తేడాగా ఉందని నేను ఆనాడే అనుకున్నాను. బర్మా నీళ్ళు పడలేదు కాబోలని ఊరుకున్నాను" అంది.

నాకు మాత్రం ఒక్క పరుగున ఎదురింటికెళ్ళి హెడ్డుగారి మొహాన పటం పెట్టి అరవాలని ఉంది. తాతయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. మనం చెబితే ఆయన వాదిస్తాడు, ఆయనకే కనబడితే ఎవరితో వాదిస్తాడు అన్నాడు. నాకది నచ్చలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ సగమే నచ్చుతుంది.

ఆదివారం పొద్దున్నే గడ్డాలు గీసే ఆయన మా అరుగు మీదికొచ్చేవాడు. హెడ్డుగారూ అక్కడికే వచ్చేవారు, ఆ వారం కూడా ఏమీ జరగనట్టే వచ్చి కూర్చున్నారు. తాతయ్య, చేతి అద్దం మీకేం ఆనుతుందండీ అంటూ లోపలి పెద్ద అద్దం తెచ్చి ఆయన ఎదురుగా స్తంభానికి తగిలించాడు. పటం అంతకుముందే ఆయన వెనక గోడకి చేరింది. నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి, నోరు విప్పావంటే జెండా పండగనాడు ఇంట్లోనే ఉంటావన్నాడు.

సబ్బు నురగ పట్టించాక, కత్తి సగం మొహం మీద నడిచాక, హెడ్డుగారి చూపు అద్దంలో ఒకచోట ఆగిపోయింది. తర్వాత మెడ తిప్పి వెనక గోడ చూశారు. మళ్ళీ అద్దం చూశారు. మళ్ళీ గోడ.

"కదలకండి బాబూ, చెవి పోద్ది" అన్నాడు కత్తి పట్టుకున్నాయన.

"ఉండవయ్యా నువ్వు. ఏమండీ, ఈ ఫొటో అదేనా, మార్చారా?"

"అదేనండి."

"అద్దంలో బోల్టు కుడిపక్కకొచ్చిందే."

"అలాగాండీ?" అన్నాడు మా తాతయ్య, అప్పుడే విన్నట్టు.

హెడ్డుగారు సగం గడ్డంతో లేచి పటం దగ్గరికెళ్ళి గుండీలు చూశారు, కనుబొమ్మ చూశారు, తాతయ్య మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చివరికి, "స్టూడియోవాడు ఫిలిం తిరగేసి అచ్చేశాడండీ. ఇన్నేళ్ళుగా మీ కళ్ళేమైపోయాయి?" అని మా తాతయ్యనే కేకలేశారు. ఆయనే కనిపెట్టానని ఆయన నమ్మకం. అదే నురగతో బయల్దేరి హెడ్‌మాస్టరు గారింటికెళ్ళి, తుపాకీ అసలుదే, సర్టిఫికెట్టు నాది అని చెప్పొచ్చారు. వీధిలో జనం ఆయన మాట కన్నా ఆయన మొహం ఎక్కువ చూశారట.

ఆగస్టు పదిహేనున తాతయ్య జెండా ఎగరేశాడు. తర్వాత నాలుగు మాటలు చెప్పమంటే, మా పిల్లలందరి ముందూ నిలబడి, నేను యుద్ధంలో వంట చేశాను అన్నాడు. రోజుకి మూడొందల మందికి వండాననీ, తుపాకీ పట్టుకున్నది ఆ ఒక్క ఫొటో కోసమేననీ, అదీ బరువుగా ఉంటే తొందరగా తీయమని దొరని తొందరపెట్టాననీ చెప్పాడు. నాకు భూమిలోకి దిగబడిపోవాలనిపించింది. ముందు వరసలో హెడ్డుగారు ఎర్రబడిపోయి, ఈ ముక్క ముందే చెప్పచ్చు కదండీ అన్నారు.

"మీరు తుపాకీ అబద్ధమన్నారు గానీ, అక్కడేం చేసేవారని నన్ను అడగలేదు కదండీ" అన్నాడు తాతయ్య.

ఆ రోజు సిగ్గుపడ్డాను. వంట చేశానన్న మాట పైకి అనడానికి ఎంత గుండె కావాలో తెలిసేసరికి నాకూ తల నెరిసింది. ఇక పటం సంగతి నన్ను విడిచిపెట్టలేదు. ఏదైనా వింతగా కనబడితే ముందు ఆ వస్తువుని కాదు, దాన్ని నాకు చూపించిన పద్ధతిని అనుమానిస్తాను. ఒకసారి ఓ ఆసుపత్రిలో కుర్ర కాంపౌండరు నా ఎక్స్‌రే పట్టుకుని, తాతగారూ మీ గుండె కుడిపక్కనుందని కంగారుపడ్డాడు. ముందు ఫిలిం తిరగెయ్యి నాయనా అన్నాను. గుండె తిరిగొచ్చింది.

అందుకే ఆ వాగు ఒడ్డు సీను చూడగానే గుండీల వంక చూశాను. సిపాయి చొక్కాకి కుడి అంచు పైకుంది. సీనుని తిరగేసి అతికించారన్నమాట. రాశాను. నేను తెలుగులో చెబుతుంటే మనవరాలు ఇంగ్లీషులో టైపు చేసింది, తాతయ్యా ఇంత కోపం ఇంగ్లీషులో పట్టదు అంటూనే. మొదటి ఉత్తరానికి మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని యంత్రం జవాబిచ్చింది. రెండోదానికి, ఆ తుపాకీ ఎప్పుడైనా పట్టుకున్నారా అని మనిషి అడిగాడు. మూడోదానికి, గుండీలు దర్జీ పొరపాటు కావచ్చన్నారు. దర్జీ తప్పట, సిపాయికి ఎడమచేతి వాటమట, ఫ్యాక్టరీ అతనొక్కడి కోసం తుపాకీ చేసిందట. ఇన్ని తప్పులు ఒప్పుకుంటారు గానీ ఫిలిం తిరగబడిందంటే ఒప్పుకోరు.

నాలుగో ఉత్తరానికి ముందు వారం రోజులు ఆ సీనే చూశాను, తాతయ్య పటం చూసినట్టు. సిపాయి వెనకాల ఒక ముసలమ్మ నిలబడి ఉంది. జపాను వాళ్ళు కట్టే కిమోనో అనే పొడుగు అంగీకి ఎడమ అంచు పైన వేస్తారు. కుడి అంచు పైన వేసేది శవానికట, ఎప్పుడో ఎక్కడో చదివాను. ఆవిడకి కుడి అంచు పైనుంది. ఈసారి కేకలెయ్యలేదు. ఆ ముసలమ్మ బతికుందో పోయిందో మీరే చెప్పండి, ఫోనుని ఒకసారి అద్దం ముందు పెట్టి చూడండి అని మాత్రం రాయించాను. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది. మనవరాలు దాన్ని తెలుగులో చదివి వినిపించింది.

"అయ్యా, మీరు చెప్పినట్టే చేసి చూశాం. మీ మాటే నిజం. ఎడమచేతి తుపాకీ అన్నది తీసేసి, ఆ సీను తిరగబడిందని రాశాం. అదే సినిమాలో చివరి యుద్ధంలో ఎడమ నడుముకి ఉండాల్సిన ఆఫీసరు కత్తి కుడి నడుముకి వేలాడుతోంది. అక్కడా సీను తిరగబడిందో, ఆ నటుడే అటు కట్టుకున్నాడో మాకు తేలడం లేదు. తేలేదాకా ఏమీ రాయకుండా ఖాళీగా ఉంచాం. తీరిక చేసుకుని ఒకసారి చూసిపెడతారా?"