ఉప్పు జాడీ జరిపినవాళ్లు

మా కంపెనీ కోడ్ అంతా ఒకే ఉమ్మడి రిపాజిటరీలో, అంటే అందరికీ ఒకటే కొట్టులో, ఉంటుంది. ఎవరైనా ఎవరి కోడ్‌నైనా మార్చవచ్చు. కాని ఆ మార్పువల్ల ఎక్కడ ఏది చెడినా, మార్చినవాళ్లే బాగుచెయ్యాలి. ఈ నియమం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఊళ్లో మా దొరల బంగళా, మా గడిలో, అంతమంది కోడళ్లకూ ఒకటే వంటిల్లు ఉన్న కాలంలో, ఉప్పు జాడీ జరిపినవాళ్లు అందరికీ చెప్పి తీరాలన్నది మా నాయనమ్మ శాసనం. గడి పోయింది. శాసనం నాతో ఉంది.

ఈ పరాయి దేశంలో, హౌన్‌స్లో అనే ఊళ్లోని గోదాములో ఎవరు ఏ వేళకు పనికి రావాలో చెప్పే రోటా వేసే కోడ్ నాది. చలికాలానికి ఇక్కడ అందరూ గడియారాలు గంట వెనక్కి తిప్పే ఆదివారానికి ముందు, గుంటూరు నుంచి వచ్చిన ఒక సహోద్యోగిని, అందరం వాడే తేదీల కోడ్‌ను మార్చింది. దాంతో రోటా తెల్లవారుజాము షిఫ్టువాళ్లను గంట ముందే రమ్మంటోందని, తప్పులు పట్టడానికి నా కోడ్‌కు పెట్టుకున్న టెస్టు పట్టేసింది. ఆవిడ తన తప్పు దిద్దుకోలేదు. నా టెస్టును ఆపేసింది!

ఆవిడ డెస్కు దగ్గరికి వెళ్లాను.

"నా టెస్టు ఎందుకు బంద్ వెట్టిన్రు?"

"అడ్డమొచ్చిందండీ. రిలీజుంది నాకు. మీరే ఓసారి చూసుకోండి."

"మార్చింది మీరు. సరిజెయ్యాల్సింది మీరే."

"అబ్బ, దొరగారూ! ఇదేం మీ గడి కాదు. ఉమ్మడి కోడు."

చుట్టుపక్కల తెలుగువాళ్లు నవ్వారు. మేనేజరు కూడా, పంతాలకు పోవద్దు, ఇది అందరిదీ అని నాకే హితబోధ చేశాడు. అందరిదీ అంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు. మా గడి కప్పు కురిసినప్పుడు వాటా అడగడానికి అందరూ వచ్చారు, పెంకు సర్దడానికి ఒక్కరూ రాలేదు. ఇక్కడ తడిసేది కప్పు కాదు. ఆ చలిలో, బస్సులు లేని వేళ, మూసిన గేటు ముందు గంటసేపు నిలబడే మనుషులు.

నా సీటుకు వచ్చి ఆవిడ మార్పును మొత్తం వెనక్కి తీసేశాను. టెస్టును తిరిగి పెట్టాను. ఎందుకు తీశానో రాసి అందరికీ పంపాను.

ఆవిడ పరుగున వచ్చింది. "నన్నడక్కుండా నా కోడు ఎలా ముట్టుకున్నారండీ?"

"ఉమ్మడిదే కదమ్మా," అన్నాను. "జాడీ జరిపి, నేను మీకు చెప్పిన గూడా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏ జాడీ అని కూడా అడగకుండా ఆవిడ ఆ గంట తేడా దిద్దడానికి తన డెస్కుకు వెళ్లింది.