వియ్యం అనే మాట

విజయనగరంలో నేను పాఠాలు చెప్పే కాలేజీ ప్రయోగశాల తలుపు తీయగానే ఫార్మలిన్ వాసన వస్తుంది. ఆ వాసనకు నాకు ముందు గుర్తొచ్చేది దానియేలు మాస్టారు. శ్రీకాకుళంలో నాకు జంతుశాస్త్రం చెప్పారు. కిందటి వేసవిలో చనిపోయారు.

నేను చదువుకునే రోజుల్లో, నియాండర్తల్ మనుషులనే పాత మానవజాతి వాళ్లు మన పూర్వీకులతో కలవకుండానే అంతరించిపోయారని చాలా పుస్తకాల్లో ఉండేది. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. ఒకరోజు క్లాసులో ఆ రెండు జాతుల కలయికను నేను సంకరం అన్నాను.

"సంకరమేటిరా, ఆళ్లేమైనా ఆవులా? వియ్యం అను. పిల్లలు పుట్టి బతికారంటే ఆ ఇంటోలు మనకి సుట్టాలే."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆయన భార్య కమలమ్మగారిది చీపురుపల్లిలో కిరాణా వర్తకుల ఇల్లు. బాప్టిస్టు చర్చిలో పెళ్లి చేసుకుందని పుట్టింటివాళ్లు రాకపోకలు మానేశారు. ఆమె తమ్ముడు బజారులో ఎదురైతే "బాగున్నారా మాస్టారూ" అనేవాడు. బావ అని ఏనాడూ పిలవలేదు. మాస్టారు దంపతులకు పిల్లలు లేరు.

అప్పటికి అచ్చయిన ఎముకల కొలతలన్నీ పోల్చి చూసి, ఆ కలయిక జరిగే ఉంటుందని మాస్టారు ఒక పరిశోధన పత్రం రాసి పత్రికకు పంపారు. పత్రిక తరఫున చదివి చెప్పవలసినవాళ్లలో ఒకరు సరేనంటే ఇంకొకరు కాదన్నారు. ఆధారం చాలదు, ఆగమని పత్రికవాళ్లు అన్నారు. ఏళ్లు గడిచాయి. ఈలోగా వేరే దేశంలో పాత ఎముకల నుంచి డీఎన్ఏ తీసి, కలయిక నిజమేనని తేల్చారు. ఆ తర్వాత పత్రిక నుంచి ఆయనకు జవాబు వచ్చింది. ఇందులో కొత్తదనం లేదట.

"సూసావురా? నిన్నటిదాకా అబద్దం, ఇయాల పాతది. మద్దెలో నిజమైన రోజు ఒకటుండాల గదా. అదెప్పుడెళ్లిపోనాదో!"

"మళ్లీ రాయండి మాస్టారూ."

"ఎందుకురా? సుట్టరికం తేలింది గదా. ఎవులు తేలిస్తే ఏటి?"

అలా అన్నారేగానీ, చేతిలోని టీ చల్లారిపోయినా తాగలేదు.

ఆయన పోయేనాటికి కమలమ్మగారు లేరు. సమాధుల తోటలో కొద్దిమందిమే ఉన్నాం. కాస్త దూరంగా ఒక ముసలాయన నిలబడ్డాడు. చీపురుపల్లి నుంచి వచ్చిన కమలమ్మగారి తమ్ముడు.

"తమరు ఏమవుతారండి?" అని పాస్టరుగారు అడిగారు.

"మా బావండి" అన్నాడు.

పెట్టెకు మూత వేసేసి ఉంది.

ఈ ఏడు మళ్లీ ఆ నియాండర్తల్ పాఠం వచ్చింది. వియ్యం అన్నాను. పిల్లలు నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆగి, మళ్లీ అదే మాట అన్నాను.