చేప బొమ్మ కింద రాసిన మాట

నేను సముద్రం చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. అయినా సముద్రం లోతుల్లో బతికే చేపల గురించి ఒక కరపత్రం నా చేతుల మీదుగా అచ్చయింది. అందులో ఒక తప్పు దొర్లింది. అది పూర్తిగా నాదే.

అప్పట్లో నాంపల్లి స్టేషన్ వెనక ఒక కిరాయి గదిలో ఉండేవాణ్ణి. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి గల్లీలో ఒక చిన్న ప్రెస్సు ఉండేది, అందులో ప్రూఫులు దిద్దడం నా పని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్ వచ్చింది కాని తప్పులు పోలేదు. ఇంకా తొందరగా రావడం మొదలుపెట్టాయి. తప్పు కనబడితే నాకు ఒళ్ళు మండేది. దారిలో బోర్డుల మీద ఒత్తు లేకపోయినా దుకాణంలోకి వెళ్ళి పోట్లాడేవాణ్ణి. ఒక మిఠాయి దుకాణం ఆయనైతే నన్ను దూరం నుంచి చూసి లోపలికి వెళ్ళిపోయేవాడు.

ప్రూఫు దిద్దడం నిజానికి ఇద్దరి పని. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టుకుని వెంట వెళ్ళాలి. ప్రూఫులు గదికి తెచ్చుకుంటే, నాతోపాటే ఉండే మా అమ్మ చదివేది. మెదక్ దగ్గర మిషన్ బడిలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన గొంతు. అర్థం కాని వాక్యం వస్తే అక్కడే ఆగిపోయేది.

"గిదేంది? నీకు తెల్సా?" అనేది.

"అదే అయి ఉంటుందిలే అమ్మా."

"అయి ఉంటదేంది? తెల్వకపోతే అడుగు."

అడగడం నాకు నామోషీ. ఆమె మాత్రం నేను కింద దుకాణానికి పోయి ఫోన్ చేసి వచ్చేదాకా తర్వాతి వాక్యం చదివేది కాదు. నేను విసుక్కునేవాణ్ణి. ప్రెస్సులో నాకున్న పేరులో సగం ఆమె మొండితనం వల్ల వచ్చిందే.

ఒక వానాకాలం ఊరికి వెళ్ళి అమ్మ అక్కడే చనిపోయింది. సమాధి చేసి నాలుగో రోజు ప్రెస్సుకు వెళితే, యజమాని కాగితాల్లోంచి తల ఎత్తకుండానే "అమ్మ మంచిగున్నదా మాస్టర్?" అన్నాడు. ఆయన్ని మేమందరం సేటు అనేవాళ్ళం. పాత హైదరాబాదు మనిషి, రోజూ అడిగే మాటే అది. నేను "ఔ" అన్నాను. నోటి అలవాటు. వెంటనే సర్దుకుని చెప్పాల్సింది కాని ఆయన అప్పటికే ఫోన్ ఎత్తాడు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు చెబితే నిన్నెందుకు చెప్పలేదంటాడు కదా అనిపించింది. అలా వారం, తర్వాత నెల. ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను "ఔ" అంటూనే ఉన్నాను. దీపావళికి వాళ్ళింట్లోంచి అమ్మ కోసమని లడ్డూలు వచ్చాయి. వద్దనలేక తీసుకున్నాను. గదిలో కూర్చుని నాలుగు రోజులు ఒక్కణ్ణే తిన్నాను.

అబద్ధం బరువు సంగతి పక్కన పెడితే, ఆ ఏడాది నాతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. ఆదివారం ఒక్క మాటా అనకుండా గడిచిపోయేది. సోమవారం పొద్దున చాయ్ అడగబోతే గొంతు పెగిలేది కాదు.

ఆ వేసవిలో వచ్చింది చేపల కరపత్రం. కోస్తాలో మత్స్యశాఖలో పనిచేసే ఒక మేడమ్ రాసి పంపారు. వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళేలోపు మత్స్యకారులకు పంచాలి. లోతు నీళ్ళలో గాలం వేసినప్పుడు ఎదగని పిల్లచేపలు కూడా పడతాయట. వాటిని తిరిగి వదిలేసినా బతకవట. లోతున ఉన్నప్పుడు నీటి ఒత్తిడికి చేప కడుపులోని గాలితిత్తి చిన్నగా అణిగి ఉంటుంది. ఒక్కసారిగా పైకి లాగితే ఆ గాలి ఉబ్బిపోతుంది. కళ్ళు బయటికి పొడుచుకొస్తాయి. చేప కిందికి దిగలేక నీటి మీదే వెల్లకిలా తేలుతుంది, పక్షులు వచ్చి పొడుచుకు తింటాయి. అందుకని బుట్టకు బరువు కట్టి, బోర్లించి, దాని కింద చేపను ఉంచి, తాడుతో లోతుకు దించాలి. లోతుకు వెళ్ళేకొద్దీ గాలి మళ్ళీ అణిగి చేప తేరుకుంటుంది. బుట్ట పైకి లాగితే తన దారిన తాను ఈదుకుంటూ వెళుతుంది. బుట్ట లేనివాళ్ళు పక్క రెక్క వెనక సన్నని సూదితో గుచ్చి గాలి తీయవచ్చు, అది చేయి తిరిగినవాళ్ళే చేయాలి.

అంతా బాగానే ఉంది. చివర ఒక బొమ్మ. నోరు తెరిచిన చేప, నోట్లోంచి గులాబి రంగు బెలూన్ లాంటిది బయటికి వచ్చి ఉంది. బొమ్మ కింద ఏమీ రాసి లేదు. ఖాళీ చూస్తే నాకు తోచదు. బెలూన్ అంటే గాలే కదా. "గాలితిత్తి: దీన్నే గుచ్చి గాలి తీయాలి" అని రాసేశాను. ఒక ఫోన్ చేస్తే తేలిపోయే సంగతి. పక్కన ఆగి కూర్చునే మనిషి లేదు, నేను ఆగలేదు.

శనివారం రెండు వేల ప్రతులు అచ్చయి కట్టలు కట్టారు. సోమవారం సాయంత్రం నాంపల్లి నుంచి రైల్లో వెళ్ళాలి.

ఆదివారం చేపలు తెచ్చుకుందామని మార్కెట్‌కు వెళ్ళాను. నేను ఎప్పుడూ కొనే ఆమె కొర్రమీను పొట్ట చీల్చి శుభ్రం చేస్తోంది. లోపలి నుంచి పొడుగ్గా, తెల్లగా, పలచటి తిత్తి ఒకటి తీసింది. కరపత్రం గుర్తొచ్చి, ఏమిటది అని అడిగాను.

"గాలి బుడగ సారు. వెన్నుబొక్క కింద అతుక్కోని ఉంటది."

"నోట్లోంచి బయటికి వచ్చేది ఇదే కదా?"

ఆమె నవ్వింది. "గిది నోట్లకెట్ల వస్తది? దీనికి తొవ్వ ఏడున్నది?" అని ఇంకో చేపను తీసి, పొట్ట చీల్చి, నోట్లో వేలు పెట్టి తోసింది. వేలి కొన లోపల ఇంకో సంచిలోకి వచ్చి ఆడింది. "నోట్లకెళ్ళి వస్తే గిదే రావాలె. గిది పొట్ట."

లోపల గాలి ఉబ్బి పైకి నెడితే నోట్లోంచి బయటపడేది పొట్ట. నేను దాన్ని గుచ్చమన్నాను. బతికించడానికి వేసిన కాగితం పట్టుకుని రెండు వేల మంది చేపల పొట్టలకు చిల్లులు పెడతారు. చేప సంచిలో వేసుకుని నడిచాను, డబ్బులిచ్చానో లేదో కూడా గుర్తులేదు. ఆమె వెనక నుంచి పిలిచింది.

ఆ మధ్యాహ్నం గదిలో కూర్చుని ఒక దొంగ ఆలోచన చేశాను. మీ దగ్గర దాచడమెందుకు. ఎవరికి తెలుస్తుంది? చేప వచ్చి ఫిర్యాదు చేయదు. ఎక్కడో నడిసముద్రంలో వదిలిన చేప చచ్చిందో బతికిందో ఎవరు చూడబోయారు? తప్పు చేసినా ఎవరికీ తెలియని చోట ఉన్నానన్న సంగతి అప్పుడు బాగా అర్థమైంది. ఆ సుఖం నాకు భరించరానిదిగా తోచింది. కొర్రమీను వండలేదు.

సోమవారం సేటు కంటే ముందే వెళ్ళి షట్టర్ దగ్గర నిలబడ్డాను. కట్టలు పంపొద్దని చెప్పాను.

"పాగల్ అయినవా మాస్టర్? సాయంత్రం బండికి పోవాలె గవి. గా చేపలొచ్చి చదువుతయా ఏంది?"

"చేపలు చదవవు సేటూ. వాటిని పట్టేవాళ్ళు చదువుతారు. నేను రాసింది తప్పు."

నా నోటి వెంట తప్పు నాది అన్న మాట ఆయన అంతకుముందు వినలేదు. తిట్లు ఆపి, కోస్తా ఆఫీసుకు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. నేను రాసింది మేడమ్‌కు చదివి వినిపించాను.

"అయ్యబాబోయ్! పొట్టండీ అది. గుచ్చారంటే ఇంక బతకదు. అసలు ముట్టుకోకూడదండి, కిందికి దించితే దానంతటదే లోపలికెళ్ళిపోద్ది. బొమ్మ కింద రాయాల్సింది వేరే కాయితమ్మీద పెట్టాను, అందలేదా?"

"అందలేదండి."

"మరి ఒక్కసారి అడగొచ్చు కదండీ," అన్నారు ఆమె. కోపంగా కూడా అనలేదు.

చిన్న చీటీలు అచ్చు వేసి నా మాట మీద అంటించాలని నిర్ణయమైంది. "ఇది చేప పొట్ట. దీన్ని గుచ్చకండి, ముట్టుకోకండి." పడవలు బయల్దేరడానికి ఇంకా అయిదు రోజులున్నాయి, బుధవారం బండికి వేస్తే అందుతాయి. సేటు ఊపిరి పీల్చుకుని కుర్చీలో వాలాడు.

"గదంత సరే గని, గింత తప్పు ఎట్ల పోయింది? అమ్మ చదవలేదా దీన్ని?"

అప్పుడు కూడా ఒక అబద్ధం చెప్పవచ్చు. కళ్ళు సరిగా కనిపించడం లేదని అనవచ్చు. నోట్లో దాకా వచ్చింది కూడా.

"అమ్మ లేదు సేటూ. చనిపోయింది. పది నెలలైంది."

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "నేను రోజు అడుగుతనే ఉన్న కద," అన్నాడు. "మొన్న శనివారం గూడ అడిగిన. మంచిగున్నదన్నవు." ఆయన గొంతులో కోపం లేదు, దెబ్బ తగిలిన బాధ ఉంది. ఒక్కణ్ణే ఉండలేకపోతున్నానని మాత్రం చెప్పాను. ఆయన లేచి నా భుజం మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు కూర్చుని రెండు వేల చీటీలు అంటించాను. సాయం చేస్తామని కంపోజింగ్ వాళ్ళు వచ్చినా ఒప్పుకోలేదు. బుధవారం కట్టలు వెళ్ళిపోయాయి.

గురువారం పొద్దున ప్రెస్సుకు వెళ్ళాను. సేటు కాగితాలు చూసుకుంటున్నాడు. నా అడుగుల చప్పుడు విని, అలవాటు కొద్దీ "అమ్మ" అని ఆగిపోయాడు. తల ఎత్తి, "రా మాస్టర్, కూసో," అన్నాడు. నేను నా బల్ల దగ్గరికి వెళ్ళి, ప్రూఫు ముందేసుకుని, సమాధి దగ్గర రాని ఏడుపు ఏడ్చాను.