ఎవురూ లేరు మేడం

పొద్దున్నే ప్రార్థన ముగించి, తెల్లకోటు ఇస్త్రీ చేసి తొడుక్కోవడం మా విమలమ్మకు అలవాటు. మదనపల్లెలో ఒక మిషన్ ఆస్పత్రిలో ఆమె పని, వంశం వెంట వచ్చే జబ్బుల గురించి కుటుంబాలకు విడమర్చి చెప్పడం. కరోనా వచ్చాక ఆ పనంతా ఇంట్లోంచి, ఫోన్లోనే.

"ఫోన్లో కోటు ఎవురు సూస్తారమ్మా?" అని కూతురు షైనీ నవ్వేది.

"పైనుండే ఆయన సూస్తాడు లేవే."

ఆ రోజు కుప్పం దగ్గరి పల్లెలో సింధూజకు ఫోన్ చేసింది. ఆ పిల్లకు మూడో నెల. రక్తంలో తలసీమియా అనే వంశపు జబ్బు లక్షణం ఉందని తేలింది. మొగుడు దేవేంద్రకూ ఉంటే, పుట్టే బిడ్డకు నెలనెలా రక్తం ఎక్కించే గతి పట్టొచ్చు. అతను వెంటనే పరీక్ష చేయించుకోకపోతే, కడుపులో బిడ్డ సంగతి తెలుసుకునే గడువు దాటిపోతుంది.

"ఇది గుట్టుగా మాట్లాడాల్సిన సంగతమ్మా. పక్కన ఎవరన్నా ఉండారా?"

"ఎవురూ లేరు మేడం" అన్నాయి నాలుగు గొంతులు. వెనక కోడి కూడా సాక్ష్యం పలికింది.

విమలమ్మ సంగతి చెప్పింది. వెంటనే అత్త పాపక్క ఫోన్ లాక్కుంది.

"మా వంశంలో ఇట్లాంటి రక్తం లేదమ్మా! అంతా ఆ పిల్ల వైపుదే. మావాడికి పరీక్ష యాల? దీన్ని పుంగనూరికి, వాళ్ళమ్మ దగ్గరికి తోలేస్తాం."

"వాళ్ళమ్మ మీకేమవుతాది?"

"నా పెద్దకూతురు."

మేనమామకే ఇచ్చిన పిల్ల. అమ్మమ్మే అత్త. ఇంక ఆ పిల్ల వైపు, ఈ వైపు యాడుండాయి? ఫోన్లో ఎవరో కిసుక్కుమన్నారు.

విమలమ్మకూ నవ్వొచ్చింది. మింగేసింది. ఎదుటి మనిషి పరువు పోకుండా నవ్వు మింగడం కూడా దయే.

"ఇది ఎవురి తప్పూ కాదమ్మా. కళ్ళు, ముక్కు మాదిరి అమ్మానాయన నుంచి వచ్చేదే. ఒకరికుంటే భయం లేదు. ఇద్దరికీ ఉంటేనే బిడ్డకు కష్టం."

"వాడు రాడు మేడం. సూదంటే భయం" అంది పాపక్క.

"భయం కాదు, రోడ్డు మీద పోలీసోళ్ళు కొడతాండారు" అన్నాడు అక్కడ లేని దేవేంద్ర.

"పోలీసోళ్ళకు చూపించేదానికి ఆస్పత్రి చీటీ వాట్సాప్‌లో పంపిస్తా నాయనా."

పాపక్క గొంతు తగ్గింది. "ఇప్పుడేం సెయ్యాల, సెప్పు తల్లీ."

"ఒక సాయం చెయ్యి పాపక్కా. రేపు కుప్పం ల్యాబులో మొదట నువ్వే చెయ్యి చాపు. మీ అబ్బోడు నీ వెనకాలే చాపుతాడు."