కారీగర్ అన్న మాట

"వాడు ఫోన్ జేస్తే నేను ఆ మాట అన్లేదని చెప్పు."

"నువ్వే చెప్పుకో. నీ అబద్దాలు నేను మొయ్య."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. చాయ్ తాగి, సున్నం సంచి సైకిల్‌కు కట్టుకుని, ఆల్థాన్ వైపున్న ఫుట్‌బాల్ గ్రౌండుకు పోయాడు. గీతలు గీస్తూ గీస్తూ పడిపోయాడట. నేను పోయేసరికి గ్రౌండుకు ఒక పక్క గీత సగం దాకానే ఉంది.

ఆ వాడు ఎవడో, ఆ మాట ఏమిటో చెప్తాను. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. సూరత్‌లోనే తెలుగు బడిలో చదివింది కాబట్టి నాకు ఈ ఆసరా దొరికింది. నాకు సంతకం వరకే వచ్చు.

వాడు మా ఇంట్లో పైగదిలో అద్దెకున్న ఫుట్‌బాల్ ఆటగాడు. ఆఫ్రికా నుంచి వచ్చాడు. ఇక్కడి నుంచి పంపించేశారు. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఒక క్లబ్బు వాడిని పిలుస్తోంది గానీ, వీసా ఇచ్చే చోట పాత సంగతి అడ్డం తగిలింది. ఇక్కడ ఉన్నన్నాళ్లు వాడు ఆట తప్ప వేరే పని చేయలేదని ఇంటివాళ్లు రాసివ్వాలట. ఇంటివాళ్లంటే ఇప్పుడు నేనొక్కదాన్నే. కాగితం ఒక పేజీ చాలంటున్నారు. ఒక్క పేజీలో చెప్పడం నాకు చేతకాదు. ముందు మొత్తం చెప్తాను, అందులోంచి ఆ పేజీని ఈ పిల్లే తీసుకుంటుంది.

మా ఆయన ఇరవై ఏళ్లకు పైగా పల్సానాలో మగ్గాల షెడ్డులో పని చేశాడు. ఆ చప్పుడుకు చెవులు పోయాయి. అప్పుడు ఆ షెడ్డు యజమాని సేఠ్ ఆయన్ని గ్రౌండులో పెట్టాడు. సేఠ్‌కు రింగ్ రోడ్‌లో చీరల దుకాణం, పల్సానాలో మిల్లు, వాటి పక్కన ముచ్చటకు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. గడ్డికి నీళ్లు పెట్టడం, గీతలు గీయడం, ఆటగాళ్ల బట్టలు ఉతకడం మా ఆయన పని. నేను ఇంట్లో కూర్చుని రింగ్ రోడ్ నుంచి వచ్చే చీరలకు వేలాడే దారాలు కత్తిరించేదాన్ని. ఇప్పటికీ అదే.

ఆ క్లబ్బు ఒక ఏడు బాగా గెలిచి పెద్ద లీగులోకి పోయింది. అందరూ మిఠాయిలు తిన్నారు. మిఠాయిల వెనకే కాగితాలు వచ్చాయి. పెద్ద లీగులో ఆడాలంటే క్లబ్బుకు లైసెన్స్ కావాలట. కోచ్‌కు సర్టిఫికెట్ ఉండాలి, గ్రౌండుకు రాతకోతలుండాలి, క్లబ్బు లెక్క వేరు, దుకాణం లెక్క వేరు ఉండాలి, ప్రతి ఆటగాడి జీతం క్లబ్బు ఖాతా నుంచే పోవాలి. బయటి దేశం వాళ్లను ఇంతమందినే పెట్టుకోవాలి, వాళ్ల వీసా మీద ఈ క్లబ్బు పేరే ఉండాలి. ఈ క్లబ్బు వద్దనుకుంటే వాడు పక్క క్లబ్బుకు ఊరికే పోలేడు, మళ్లీ అన్ని కాగితాలూ మొదటి నుంచి. ఇదంతా విని మా ఆయన ఆశ్చర్యపోయాడు. మగ్గం పనివాడు పొద్దున ఒక షెడ్డులో కొట్లాడి బయటికొచ్చి మధ్యాహ్నానికి ఇంకో షెడ్డులో కూర్చుంటాడు, ఇంత ఆట వచ్చినవాడికి ఆ పాటి దారి లేదా అన్నాడు.

వాడు ఆ గెలుపుకు ఏడాది ముందే వచ్చాడు. అప్పుడు వాడికి ఆల్థాన్‌లో మూడు చోట్ల ఇల్లు ఇవ్వం పొమ్మన్నారు. మా ఆయన నన్నొక మాట అడగకుండా తోలుకొచ్చాడు. నాకు కోపమొచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు. వాడేమో పైగది దర్వాజా పైచెక్కకు రోజూ తల కొట్టుకుని, కొట్టుకున్న ప్రతిసారీ ఆ చెక్కకే సారీ చెప్పేవాడు. నవ్వు ఆపుకోలేక నేనే ముందు మాట్లాడాను. నన్ను చాచీ అనేవాడు, ఆయన్ని చాచా. ఒకసారి కాలు మడతపడి వారం ఇంట్లో ఉన్నప్పుడు నా పక్కన కూర్చుని కత్తెర అందుకున్నాడు. రెండు చీరలకు దారాలు కత్తిరించాడు, అందులో ఒకదానికి కొంగే కత్తిరించాడు. దాన్ని పని అంటే నా ఇంట్లో చాయ్ తాగినవాళ్లందరూ పనివాళ్లే. అయినా ఈ ముచ్చట ఇక్కడ ఉండనీ, ఆఫీసు పేజీలోకి పోనీయకు బిడ్డా.

ఇప్పుడు ఆ మాట. సూరత్‌లో మమ్మల్ని కారీగర్లు అంటారు. మగ్గం మీద కూర్చునేవాడు, ఎంబ్రాయిడరీ మిషన్ నడిపేవాడు, రాళ్లు సాన పట్టేవాడు, అందరూ కారీగర్లే. మా ఆయనకు ఆ మాటంటే గర్వం. మూటలు మోసేవాడు వేరు, కారీగర్ వేరు అనేవాడు. ఎవడన్నా తన పని చక్కగా చేస్తే ఆయన నోట అంతకన్నా పెద్ద మాట లేదు. వాడు మైదానంలో ఎదుటివాడి కాళ్లలోంచి బంతి తీస్తుంటే చూసి, వీడు కారీగర్ అనేవాడు.

ఒక మధ్యాహ్నం విదేశీయుల నమోదు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. వాడు ప్రాక్టీసుకు పోయాడు. పైన ఎవరుంటారు, ఏం చేస్తాడు అని అడిగారు. మా ఆయనకు సగమే వినిపించింది. నిండుగా నవ్వి చెప్పాడు.

"అప్నా కారీగర్ హై సాబ్. బహుత్ అచ్ఛా కారీగర్ హై."

ఎవరి దగ్గర అని అడిగారు. మా సేఠ్ దగ్గర అన్నాడు. ఏ సేఠ్ అంటే పల్సానా మిల్లు సేఠ్ అన్నాడు. అన్నీ నిజాలే. ఒక్కో నిజానికి వాళ్ల కలం ఇంకొంచెం గట్టిగా నడిచింది. నేను చేతిలో కత్తెరతో పక్కనే ఉన్నాను. వాళ్లు దాన్ని మిల్లు పని అనుకుంటారని నాకూ తట్టలేదు.

వాళ్లు పల్సానా పోయి మిల్లు జీతాల పుస్తకం తెరిచారు. సేఠ్ గుమస్తా ఆటగాళ్లందరినీ ఆ పుస్తకంలోనే ఎక్కించాడు. వాళ్ల పేర్ల ఎదుట ఏం రాయాలో తెలియక కారీగర్ అనే రాశాడు. ఇంటాయన అదే మాట, పుస్తకంలో అదే మాట. ఫుట్‌బాల్ అని వీసా తీసుకుని మిల్లులో పని చేయిస్తున్నారని తేల్చారు. వాడి వీసా తీసేసి, వారం లోపల దేశం విడిచి పొమ్మన్నారు. క్లబ్బు లెక్క వేరుగా లేదని ఆ పుస్తకం చూసే లైసెన్స్ కూడా ఇవ్వలేదు.

సేఠ్ గ్రౌండులో అందరి ముందర మా ఆయన్ని నిలబెట్టి, నీ నాలుక నా క్లబ్బును ముంచిందన్నాడు. మరి నీ పుస్తకం సంగతేమిటని ఆయన అడగలేదు. అన్నేళ్లు ఆ మనిషి జీతం తిన్నాడు. నేను ఇంటికొచ్చి గోడను అడిగాను.

వాడు పోయే రోజు బూట్లు పత్రికలో చుడుతూ, చాచా, వాళ్లకు నువ్వేం చెప్పావని అడిగాడు. నేను మెట్ల మీద ఉన్నాను. ఏమీ చెప్పలేదన్నాడు ఈయన. వాడు నమ్మి కాళ్లకు దండం పెట్టాడు.

ఆ తర్వాత ఇంట్లో మా ఇద్దరికీ ఇదే పోరు.

"నా ముంగటనే అన్నవ్ గద. గిప్పుడు అన్లేదంటే ఎట్ల?"

"నేను మంచిగనే అన్న."

"మంచిగ అన్నవని వానికే చెప్పరాదు మరి."

"ఏం ముఖం పెట్టుకోని చెప్పాల్నే."

లైసెన్స్ లేని క్లబ్బు ఊరి ఆటలకు దిగింది. బయటివాళ్లకు అందులో చోటు లేదు. ఆ ఏడే ఈయన పోయాడు. తర్వాత సేఠ్‌కు మోజు తీరింది. ఇప్పుడక్కడ పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పార్టీ ప్లాట్ ఉంది.

పోయిన వారం వాడు ఫోన్ చేశాడు. చాచా పోయిన సంగతి చెప్పాను. ఆ తర్వాత వాడు అసలు పని చెప్పాడు. నేను కారీగర్‌నని ఇంటివాళ్లే అన్నట్టు పాత కాగితంలో ఉంది చాచీ, చాచా అనలేదు కదా, అదే రాసివ్వు అన్నాడు.

అనలేదని రాయడం సులువే, పోయినాయన్ని పిలిచి ఎవరూ అడగరు అంటోంది ఈ పిల్ల. కానీ ఆ రోజు వాళ్లు రాసుకున్న కాగితం వాళ్ల దగ్గరుంది. నేను అనలేదంటే నాది అబద్ధమవుతుంది, వాడి దారి మళ్లీ మూసుకుంటుంది. అన్నాడని రాస్తే, చాచా తన ముఖం మీదే అబద్ధమాడాడని వాడికి తెలుస్తుంది. రెండేళ్లు మా చేతి తిండి తిన్నాడు. ఆయన్ని తండ్రిలాగ చూశాడు. వారం నుంచి దీనితోనే వేగుతున్నాను. ఇక అలసట వచ్చింది.

రాయి బిడ్డా. మా ఆయన ఆ మాట అన్నాడు. నేను పక్కనే ఉండి విన్నాను. మాలో పని తెలిసినవాడిని అట్లా అంటాం. ఈ పిల్లవాడు మగ్గం ముట్టలేదు, మిల్లులో అడుగు పెట్టలేదు, బంతి ఆట తప్ప వాడికి వేరే పని రాదు. మా ఆయన సిగ్గుతో వాడికి నిజం చెప్పలేకపోయాడు. ఆ చివరి ముక్క ఆఫీసువాళ్లకు అక్కరలేదని నాకు తెలుసు, అది వాడి కోసం. కింద నా సంతకానికి చోటు వదులు.

అయిందా? ఇప్పుడు ఆ పేజీ నాకు చదివి వినిపించు. మెల్లగా చదువు. ఆయన అన్నాడన్న దగ్గర గొంతు తగ్గించకు.