టేపులో మిగిలిన తిట్లు

బుద్ధి ఉన్నవాడెవడైనా యుద్ధం వచ్చినప్పుడు బట్టలో, బిస్కెట్లో సర్దుకుంటాడు. నేను టేపురికార్డరు ఎత్తుకున్నాను. కువైట్‌లో ట్యాంకులు తిరుగుతున్న ఆ ఆగస్టులో, ఖానాపూర్ పక్క ఊరి రైతుబిడ్డ ఒకడు, మూడేళ్లు సిమెంటు కలిపి కొనుక్కున్న రెండు స్పీకర్ల పెట్టెను పసిపిల్లలా చంకనేసుకుని ఎడారి దాటాడు. దుప్పటి మరిచాడు. సబ్బు మరిచాడు. పెట్టెలో వేసుకోవలసిన పాటల క్యాసెట్లు కూడా గదిలోనే మరిచాడు. ఆ తెలివైనవాణ్ణి నేనే.

సరిహద్దు అవతల గుడారాల్లో విమానం కోసం ఎదురుచూస్తూ మూత తెరిస్తే, లోపల ఒకే ఒక్క క్యాసెట్. మా ఆవిడ పంపింది.

అప్పట్లో మా వైపు ఉత్తరాలకన్నా క్యాసెట్లే ఎక్కువ. ఇంట్లోవాళ్లు మాటలు రికార్డు చేసి, సెలవు ముగించుకుని తిరిగి గల్ఫ్‌కు పోయేవాళ్ల చేతికిచ్చేవారు. నేను ఒక్కసారి విని, వాటిమీద సినిమా పాటలు ఎక్కించేవాణ్ణి. భార్య గొంతుదేముంది, ఎప్పుడూ ఉండేదే అనుకునేవాణ్ణి. చివరిది మాత్రం బతికిపోయింది. మొదటినుంచీ తిట్లే కాబట్టి ఐదు నిమిషాలు విని, మిగతాదానికి శుక్రవారం సెలవునాడు తీరిగ్గా భయపడదామని ఆపేశాను. శుక్రవారంకన్నా ముందు సైన్యం వచ్చింది.

మా గుడారంలో హుజూరాబాద్ తమ్ముడొకడు, భైంసా పెద్దాయనొకరు ఉండేవారు. "ఏదన్న పాట పెట్టన్నా" అన్నాడు తమ్ముడు. పాటల్లేవన్నా వినకుండా మీట నొక్కేశాడు.

"ఏమయ్యో, బతికున్నవా? మూడు నెలలాయె, ఒక్క ముచ్చట లేదు. మోటరు కాలిపోయింది. బర్రె ఈనింది. నీకేమన్న ఫికరుందా? గా డబ్బాల పాటలు వినుకుంట కూసో!"

గుడారమంతా ఘొల్లుమంది. "వదినె గట్టిదే అన్నా!" అన్నాడు తమ్ముడు. నేను ఆపబోతే పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆపకు బిడ్డా. ఇంట్ల కూసున్నట్టున్నది."

తిట్లు అయిపోయాయి. టేపు ఆపడం మాత్రం ఆమె మరిచిపోయింది. మతిమరుపులో మేం ఈడూజోడూ. కోడి కూసింది. బర్రె మెడగంట మోగింది. తర్వాత నన్ను కన్న మా అవ్వ గొంతు:

"జర మెల్లగ తిట్టకపోయినవా పిల్లా? పోరడు పరేషాన్ అయితడు."

"నా మొగన్ని నేను తిట్టుకుంటున్న అత్తా, నీకేంది?" కాస్త ఆగి, "మక్కలు మోకాలెత్తు వచ్చినయి. కాల్చిన లేత కంకంటె పానమిస్తడు గా మనిషి. కంకులు పాలు పట్టినప్పుడన్న వస్తె మంచిగుండు."

టక్కుమని టేపు ఆగింది. నేను నవ్వబోయి ముక్కు చీదుకున్నాను. గల్ఫ్‌కు ఎందుకొచ్చావని అంతకుముందు అడిగితే చాంతాడంత జాబితా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది: మొక్కజొన్న కంకులు ముదరకముందే ఇల్లు చేరాలి.

ఆ మాట నోరుజారి పైకే అనేశాను. ఇక రోజూ పొద్దున రొట్టెల లైనులో తమ్ముడు నన్ను వదల్లేదు.

"అన్నా, నీ చేను ఏడిదాక వచ్చింది?"

"పీచు వచ్చింది."

"ఇంక పీచేనా? జర నీళ్లు పెట్టరాదే!"

అలా ఎడారిలో, అందరం కలిసి నా మక్కచేను పెంచాం. బ్యాటరీలు నీరసించి మా ఆవిడకు మగగొంతు వచ్చేదాకా ఆ టేపు విన్నాం.

బొంబాయి, రైలు, బస్సు దాటి ఇల్లు చేరేసరికి దసరా దగ్గరపడింది. వాకిట్లో మా ఆవిడ మక్కలు ఒలుస్తోంది. నన్ను చూడగానే చేతిలో కంకి జారిపోయింది. ఆమెకు మాట రాలేదు. మా సంసారంలో అదే మొదటిసారి.

"కంకులు ముదిరినయా?" అన్నాను. అంత దూరం నుంచి మోసుకొచ్చిన మాట అదే మరి.

ఆమె నా నెరిసిన గడ్డం వైపు చూసింది. "ముదిరినయి, నీ లెక్కనే." కొంగుతో కళ్లొత్తుకుంది. "గింత ఆలస్యమా? మనిషివేనా నువ్వు?"

"వచ్చిండా?" లోపల్నుంచి అవ్వ కేకేసింది. "జర మెల్లగ తిట్టు పిల్లా!"

ఆ పూట ఉడికించిన మక్క గుడాలు దవడలు నొప్పెట్టేలా నమిలాను. మళ్లీ గల్ఫ్ మాట ఎత్తలేదు.

కానీ గుడారం నిండా జనం ముందు తిట్లు తిన్న మొగుణ్ణి, ఊరుకుంటానా? ఆమె గొంతు పెంచిందంటే చాలు, నెమ్మదిగా వెళ్లి పెట్టె మీది రికార్డు చేసే ఎర్రమీట నొక్కుతాను. మరుక్షణం మా ఆవిడ రేడియోలో వార్తలు చదివినట్టు, "ఏమండీ, భోజనానికి దయచేయండి" అంటుంది.

ఉన్న ఒక్క క్యాసెట్‌నూ చెరపలేక బట్టల సందుగలో దాచాను. పెట్టె ఖాళీదని ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.